ఇరవై అయిదు మీటర్లు

ఎల్లాజీ పెళ్ళాం ఈశ్వరికి నోరు మూతపడదని కాన్వెంటు మొత్తానికీ తెలుసు. ఎల్లాజీ ఆ కాన్వెంటు వ్యాను డ్రైవరు, ఈశ్వరి అదే వ్యానులో ఆయా. పొద్దున్న వ్యాను కదిలింది మొదలు నరసన్నపేటలో గేటు ముందు ఆగేదాకా ఏదో ఒకటి వాగుతూనే ఉండేది. ఆ ముసలాడు రోడ్డు మధ్యన ఎలా నడుస్తున్నాడో చూడమనేది. ఎడం పక్కన సైకిలు వాడికి బుద్ధుందా అనేది. ఎవరిదో గేదె, కుడి పక్కన అడ్డంగా నిలబడిపోయిందని తిట్టిపోసేది. వెనక పిల్లలు ఆవిడ గొంతును అనుకరించి పడీ పడీ నవ్వుకునేవాళ్ళు. ఎల్లాజీ కూడా నలుగురూ వినేట్టు "నోరు ముయ్యే" అని కసిరేవాడు. కసురుతూనే గేదె పక్కనుంచి వ్యానును తప్పించేవాడు.

రెండేళ్ళుగా ఆ వ్యానుకు కళ్ళు ఆవిడ నోరే. సంగతి మొగుడూ పెళ్ళాలిద్దరికీ తెలుసు. ఒక్కసారైనా ఒకరితో ఒకరు అనుకుంటే ఒట్టు.

సుగరు అతని కళ్ళకెక్కింది. గ్లాసులో పోయాల్సిన నీళ్ళు గ్లాసు పక్కన పోసేవాడు. గోడ మీద కేలండరులో తేదీ అడిగితే, నీకు కళ్ళు లేవా అని ఎదురు విసుక్కునేవాడు. ఊళ్ళో కంటి శిబిరం పెట్టినప్పుడు ఈశ్వరి బలవంతాన లాక్కెళ్ళింది. కంటి వెనక పొర పాడైందనీ, అద్దాలు పెట్టినా లాభం లేదనీ, విశాఖపట్నం వెళ్ళి కంట్లో సూదిమందు వేయించుకోకపోతే ఉన్న చూపూ పోతుందనీ, ముందు బండి మానెయ్యమనీ చెప్పారు. ఎల్లాజీ ఆ చీటీని గుమ్మం దాటగానే చింపేశాడు. ముప్పై ఏళ్ళు స్టీరింగు పట్టినవాడికి నిన్నగాక మొన్న చదువు అయిన కుర్ర డాక్టరమ్మ చెప్పేదేమిటట! ఆ మర్నాటి నుంచే ఈశ్వరి వెనక తలుపు దగ్గర సీటు వదిలేసి, ముందు మొగుడి పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది.

అలాగే నెట్టుకొచ్చేవాళ్ళేమో. పోయిన నెల ఊరి చివర ఉండే నీలవేణి కూతురు బిందును దించడానికి ఈశ్వరి కిందికి దిగింది. రెండో తరగతి పిల్ల, బ్యాగు తగిలించుకుని వ్యాను ముందు నుంచే అవతలికి పరిగెత్తింది. ఆ క్షణాన ముందు సీటులో వాగే మనిషి లేదు. వ్యాను కదిలింది. ఈశ్వరి రేకు మీద దబదబా బాదేసరికి ఆగింది గానీ, పిల్ల బూటు అప్పటికే చక్రం కింద ఉంది. పిల్ల మాత్రం ఒంటి బూటుతో నవ్వుతూ నిలబడింది. బూటు జారిపోయిందని నీలవేణికి అబద్ధం చెప్పింది ఈశ్వరి.

అలాంటి సమయంలో ఎల్లాజీ లైసెన్సు గడువు దగ్గరపడింది. నలభై దాటినవాడు, పైగా జనాన్ని తిప్పే బండి, డాక్టరు సర్టిఫికెట్టు ఉంటే గానీ రెన్యూవలు కాదు. జెరాక్సు షాపులో కూర్చునే ఏజెంటు ధనరాజ్ ఫారం నింపుతూ పైకి చదివాడు. పట్టపగలు ఇరవై అయిదు మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలరా? ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలుస్తుందా? ఇరవై అయిదు మీటర్లంటే ఎంతని ఈశ్వరి అడిగితే, ఇక్కడి నుంచి ఆ మందుల షాపు దాకా అన్నాడు. ఆవిడ అప్పుడే నడిచి చూసుకుంది. నలభై రెండు అడుగులు. ఎల్లాజీకి ఆ మందుల షాపే సరిగా కనపడదు, దాని ముందు బండి నంబరు ఏం కనపడుతుంది! ఎవరో మహానుభావుడు ఎక్కడో కూర్చుని బిందు కోసమే ఆ ముక్క రాశాడనిపించింది. తను చెప్పలేని మాట డాక్టరు చెబుతాడు. డాక్టరు కాదన్నాక, తనను తిట్టడానికి మొగుడికి నోరుండదు.

అయినా ఎందుకైనా మంచిదని, ముందు రోజు ఒక్కత్తే డాక్టరు నారాయణమూర్తి దగ్గరికి వెళ్ళింది. గదిలో బల్ల చుట్టూ పదిమంది రోగులు, అందులో ఇద్దరు తన ఊరివాళ్ళే. తన వంతు వచ్చింది.

"కాన్వెంటు వ్యాను డ్రైవరు ఎల్లాజీ మా ఆయనే బాబూ. రేపు సర్టిఫికెట్టుకొస్తాడు. ఆయన కళ్ళు..."

డాక్టరు చెయ్యెత్తి ఆపాడు. "నాకు తెలుసమ్మా. డ్రైవర్ల ఆడవాళ్ళందరూ ఇలాగే ముందుగా వస్తారు. ఒకళ్ళ పొట్ట కొట్టే మనిషిని కాను నేను. ధైర్యంగా వెళ్ళు."

అది కాదు బాబూ అని నసిగింది. చెప్పాను కదమ్మా అంటూ ఆయన తరవాతి రోగి చెయ్యి పట్టుకున్నాడు. ఊరివాళ్ళిద్దరూ ఆవిడనే చూస్తున్నారు. నా మొగుడికి చూపు లేదు, సంతకం పెట్టకండి అంటే అయిపోయేది. రోజంతా వాగే నోరు, ఆ ఒక్క మాట దగ్గర పెగల్లేదు. తన మీద తనకే అసహ్యం వేసి బయటికొచ్చేసింది.

మర్నాడు ఎల్లాజీ వెళ్ళిన అరగంటకే తిరిగొచ్చాడు. చేతిలో సర్టిఫికెట్టు, దాంతోపాటు పొట్లంలో మల్లెపూలు. డాక్టరు కంట్లో టార్చి వేసి చూశాడట, భేషుగ్గా ఉన్నాయన్నాడట. "నువ్వెల్లి బతిమాలినావట కదే" అని పూలు చేతిలో పెట్టాడు. పెళ్ళయ్యాక అతను పూలు తేవడం అదే మొదలు. ఈశ్వరి వాటిని తల్లో పెట్టుకుంది. ఏం చేస్తుంది మరి!

పది రోజులకు లైసెన్సు వచ్చింది. సర్టిఫికెట్టు జెరాక్సుకు లామినేషను చేయించి, స్టీరింగు పైన దేవుడి పటం పక్కన అంటించాడు ఎల్లాజీ. ఆ పొద్దున్న ఈశ్వరి ముందు తలుపు తీయబోతే ఆపాడు.

"ఎనక కూకో. గవర్నమెంటే సెప్పీసినాది నాకు సూపున్నాదని. ఇంక నీ వాగుడు అక్కర్నేదు."

వేళాకోళం కాదు. ఆ కాగితాన్ని నిజంగానే నమ్మేశాడు. ఊరి చివర మొదటి స్టాపుకి వచ్చేలోగా వ్యాను ఒకసారి మట్టిలోకి దిగింది, ఒక ఎడ్లబండిని వెంట్రుకవాసిలో తప్పించుకుంది. వెనక నుంచి ఆవిడ అరిస్తే నోరు ముయ్యమన్నాడు.

స్టాపులో నీలవేణి, బిందు, ఇంకో నలుగురు తల్లులు పిల్లలతో నిలబడి ఉన్నారు. ఈశ్వరి దిగింది. ఎక్కబోతున్న బిందును చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. రోడ్డు పక్కన ముందర ఎవరిదో ట్రాక్టరు ఆగి ఉంది. వ్యాను ముందు నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. ముప్పైకే ట్రాక్టరు వచ్చేసింది. దాని నంబరు ప్లేటు మీద చెయ్యి వేసి వెనక్కి తిరిగింది.

"బావా, ఈ నంబరు సదువు."

తల్లులు నవ్వారు. ఎల్లాజీ కూడా కిటికీలోంచి తల బయట పెట్టి నవ్వాడు. తడుముకోకుండా నాలుగు అంకెలూ గట్టిగా చదివాడు.

"అది మన వ్యాను నంబరు కదా అంకుల్" అంది బిందు.

నవ్వులు ఆగిపోయాయి. ఎల్లాజీ కళ్ళు చికిలించి ముందుకు చూశాడు, చూస్తూనే ఉండిపోయాడు. తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. నీలవేణి అతని వంక కాదు, ఈశ్వరి వంకే చూసింది.

"ఎన్నాళ్ళబట్టి?"

"రెండేళ్ళు."

"తెలిసీ మా గుంటల్ని ఎక్కించినావేటే? ఆ బూటు కూడా..." నీలవేణికి మాట పూర్తి కాలేదు. రోడ్డు మీదే ఏడ్చేసింది.

వ్యాను తాళాలు ఎల్లాజీయే తీశాడు. ఏడుస్తూనే వాళ్ళ ఆయనకు ఫోను చేస్తున్న నీలవేణి చేతిలో పెట్టి, దిగి, ఇంటి దారి పట్టాడు. దొంగ సర్టిఫికెట్టు ఇచ్చిన డాక్టరును ఆ రోజు గానీ ఆ తరవాత గానీ ఎవరూ ఒక్క మాట అనలేదు. ఊరంతా అన్నది ఈశ్వరినే. మొగుణ్ణి నడిరోడ్డు మీద నిలబెట్టిందన్నారు కొందరు, పిల్లల ప్రాణాలతో ఆడుకుందన్నారు కొందరు. రెండోది నిజమేనని ఆవిడకు తెలుసు.

ఆ పొద్దున్న ఎల్లాజీ ఇంటికి నడుస్తుంటే ఈశ్వరి పది అడుగులు వెనకగా వెళ్ళింది.

"నువ్వే కదే ఎల్లి డాక్టర్ని బతిమాలినావు" అన్నాడు ఎల్లాజీ, వెనక్కి తిరక్కుండా.

"సూపు నేదని సెప్పడానికెల్నాను బావా. సెప్పనేకపోయాను."

కాస్త దూరం పోయాక దారి మధ్యలో పెద్ద రాయి కనిపించింది. ఆవిడకు అలవాటైన నోరు ఊరుకోలేదు.

"బావా, ముందర రాయున్నాది. ఎడం పక్కకి రా."

ఎల్లాజీ విన్నాడు. విని, తిన్నగా ఆ రాయి మీదకే నడిచాడు.