మూకుట్లో రాయి

పడవ ఇసుక తిన్నెను తాకకముందే నుక్ లేచి నిలబడింది. వల సంచిని రెండు చేతులా పొట్టకు అదుముకుంది.

"కూర్చో వదినా, పడవ తిరగబడుతుంది," అన్నాడు బోర్. చనిపోయిన ఆమె భర్త కయూమ్‌కు తమ్ముడతను. "అంత తొందరేం? నువ్వెళ్ళేలోగా ఆ రాతి ఇళ్ళు లేచి నడిచిపోతాయా?"

"అవి పోవు. ఇంకాసేపు కూర్చుంటే నేనే వెనక్కి పోదామంటానేమోనని భయం."

సంచిలో ఉన్నది పిడికిలంత రాయి. పెళ్ళైన కొత్తలో కయూమ్ ఈ నది వంపుకు వచ్చి, అడవిలో దేవుళ్ళ పాత రాతి ఇళ్ళలో ఒకదాని గడప దగ్గర దాన్ని ఏరుకున్నాడు. వాళ్ళ తెగలో పాతతరం మగవాళ్ళంతా అలా తెచ్చుకున్నవాళ్ళే. దేవుడి ముఖం దిద్దిన మట్టి మూకుట్లో రాయిని కూర్చోబెట్టి, గుగ్గిలం పొగ వేసి, ఆకుల్లో ఉడికించిన మొక్కజొన్న పిండి పొట్లాలు పెట్టి, దేవుడికి తినిపించేవారు. మూకుడు పాతబడితే కొండ గుహలో వదిలేసి, రాయిని కొత్త మూకుట్లోకి మార్చేవారు. నలభై ఏళ్ళూ నుక్ వండింది, కయూమ్ వడ్డించాడు. దేవుడి పాకలో ఆడది అడుగు పెట్టకూడదు.

కయూమ్ పోయి ఆరు నెలలైంది. కొడుకులు, బోర్ కూడా, పాత దేవుళ్ళను వదిలి కొత్తగా వచ్చిన ప్రార్థన మందిరానికి పోతున్నారు. గుగ్గిలం వేసే మగవాడు లేడు. దేవుణ్ణి ఇంట్లో పస్తు పెట్టడం కంటే పుట్టింట్లో దిగబెట్టి రావడం మేలనుకుంది నుక్. అనుకున్న నాటి నుంచి ఆమెకు ముద్ద దిగలేదు.

ఇద్దరూ ఒడ్డు మీది మెట్లెక్కి పైకి వెళ్ళారు. పై ఇంట్లో తల లేని రాతి దేవుడు కూర్చుని ఉన్నాడు. యాత్రకు వచ్చిన ఒక పిల్ల వెనక నిలబడి, ఆ మెడ మీద తన తల ఆనించి ఫోటో దిగుతోంది.

"ఒసేయ్ పిల్లా, తప్పుకో! ఆయన తల ఆయనకు అతికిన రోజున లోకం ఆఖరు. నీ తలెందుకే మధ్యలో?"

మాట అర్థం కాకపోయినా గొంతు అర్థమై ఆ పిల్ల తప్పుకుంది. కేకకు కాపలాదారు అవెలినో పరుగెత్తుకొచ్చాడు. ఏటి ఒడ్డు పల్లెవాడు, నుక్ వాళ్ళ మాట వచ్చినవాడు.

"సంచిలో ఏంటవ్వా? రాయా? ఇక్కణ్ణుంచి ఏదీ పట్టుకెళ్ళకూడదు."

"పట్టుకెళ్ళడంలేదు నాయనా, తెచ్చాను. ఇక్కడిదే. తిరిగి పెట్టేస్తాను."

అవెలినో టోపీ తీసి తల గోక్కున్నాడు. "దొంగల్ని చూశాను గానీ, తెచ్చి పెట్టేవాళ్ళను చూడలేదే! అలా కూడా కుదరదవ్వా. నాకివ్వు. ప్లాస్టిక్ సంచిలో వేసి, నంబరు రాసి, గదిలో పెట్టి తాళం వేస్తారు."

"అక్కడ ఎవరు తినిపిస్తారు?"

"రాయికా?"

"మరి నీకా?"

బోర్ నవ్వు ఆపుకున్నాడు. అవెలినో కూడా నవ్వాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "సరే. నేనటు తిరుగుతాను. ఆ గోడ పక్క రాళ్ళ కుప్పలో పెట్టేసి వెళ్ళిపో. నేను చూడలేదు, నువ్వు రాలేదు."

అన్నట్టే తిరిగాడు.

నుక్ కుప్ప ముందు వంగింది. అన్నీ నాచు పట్టి, తడిసి, చల్లగా ఉన్నాయి. ఆమె చేతిలోది నలభై ఏళ్ళ పొగకు నల్లగా నిగనిగలాడుతోంది, ఆమె ఒంటి వేడికి వెచ్చగా ఉంది. ఇద్దరు కూతుళ్ళను పెళ్ళి చేసి ఇలాగే ఏటి ఒడ్డున పడవలెక్కించింది. కయూమ్‌ను మట్టిలో పెడుతుంటే పక్కన నిలబడి చూసింది. ప్రతిసారీ ఎవరో ఒకరు ఇక వదిలెయ్ అన్నారు, ఆమె వదిలేసింది.

ఆమె నడుము నిటారు చేసింది.

"పెట్టను."

"పెట్టవా?" అవెలినో ఇటు తిరిగాడు. "ఇంత దూరం వచ్చి?"

నుక్ తల లేని దేవుడి ముందు చతికిలబడి, రాయిని నేల మీద ఉంచి, దారిలో తినడానికి తెచ్చుకున్న పొట్లం విప్పి దాని ముందు పెట్టింది. కొంగున ముడేసిన గుగ్గిలం తీసింది.

"బోర్, అగ్గిపెట్టె ఇవ్వు."

బోర్ ముఖం పాలిపోయింది. "వదినా, తప్పు. ఆడవాళ్ళు చెయ్యకూడదు."

"అయితే నువ్వు చెయ్. ఇదిగో, కూర్చో."

అతను కూర్చోలేదు.

"నువ్వు చెయ్యవు, నన్ను చెయ్యనివ్వవు. దేవుడు నీ మొహం చూస్తూ ఎండిపోవాలా? తే!"

అగ్గిపెట్టె ఇచ్చాడు.

"నిప్పు పెట్టకూడదవ్వా!" అన్నాడు అవెలినో.

"ఆర్పు. మళ్ళీ వెలిగిస్తాను. మళ్ళీ ఆర్పు. ఇవాళ నాకు వేరే పనేం లేదు."

అవెలినో ఒక అడుగు వేశాడు. అప్పటికే గుగ్గిలం అంటుకుని, తెల్లని పొగ లేచి రాతి దేవుడి ఒడిని చుట్టుకుంది. అతను ఆగిపోయాడు.

నుక్ పాడటం మొదలుపెట్టింది. వంటింటి తడిక వెనక నలభై ఏళ్ళు విన్న పాట. ఎవరూ నేర్పలేదు, ఒక్క ముక్కా తప్పలేదు. 'నేను నీ కొడుకును, నీకు వడ్డిస్తున్నాను' అనే చోటికి వచ్చి ఆగింది. ఊపిరి పీల్చుకుని, గొంతు పెంచింది.

"నీకు వండినదాన్ని నేను. వడ్డించేదాన్నీ నేనే. తిను, ఇంటికి పోదాం."

"వదినా, అక్కడ మాట అది కాదు," అన్నాడు బోర్ మెల్లగా.

"ఇకనుంచి అదే," అంది నుక్.