చౌడమ్మ తొక్కిన మన్ను

ధర్మవరంలో చౌడమ్మ ఇంటి వెనక గోడ తొంభై ఆరులో కురిసిన వానలకు కూలిపోయింది. పెళ్ళయిన కొత్తలో ఆమె తన కాళ్ళతో తొక్కిన మట్టి అది. ఆమె ముద్దలు అందిస్తే మొగుడు వరస మీద వరస పెట్టాడు. ఆయన పోయినా గోడ నిలబడింది. ఇంటికి ఎవరొచ్చినా చౌడమ్మ ఆ గోడ సంగతి ఎత్తకుండా పంపేది కాదు. కూలిన తర్వాత కొడుకు తిప్పన్న ఆ మట్టికుప్పను బయట పోయిస్తానంటే ఒప్పుకోలేదు. అతను మగ్గం పనిలో పడి, కంప అడ్డం పెట్టి ఊరుకున్నాడు.

ఆ మాఘమాసంలో కోడలు మంజుల పెరట్లో కూరగాయలు వేస్తానంది. ఆమె పుట్టిల్లు రొద్దం, సేద్యం చేసుకునే ఇల్లు. ఎండలు ముదరకముందే విత్తనాలు పడాలని ఆమె తొందర. పెరడంతా గరుసు నేల. ఇనప గడారి వేస్తే ఖంగుమనడమే తప్ప దిగదు. అంట్లు కడిగిన నీళ్ళు పోసి నానబెట్టి జానెడు లోతు తవ్వేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. రాళ్ళు ఏరేస్తే మిగిలింది గుప్పెడు మన్ను. అప్పుడు వచ్చి అత్త పక్కన కూర్చుంది.

"అత్తా, ఆ గోడ మన్ను ఇస్తావా? పాత గోడల మన్నంటే మా నాయనకు ప్రాణం. చేనికి అంతకు మించిన సత్తువ లేదంటాడు."

"ఆ గోడ జోలికి మాత్రం పోవద్దు," అంది చౌడమ్మ.

మంజుల లేచింది. గంప తీసుకుని చెరువు దిక్కు పోయింది. నీళ్ళు తగ్గిన అంచున ఒండ్రు తవ్వి నెత్తిన మోసుకొచ్చింది. మర్నాడూ పోయింది. మగ్గం ఇంటి కోడలికి మన్ను మోసే ఖర్మేమిటని వీధిలో ఎవరో అంటే, మోసేది తన ఇంటికే కదా అని చౌడమ్మ గట్టిగానే జవాబిచ్చింది. కానీ లోపల చివుక్కుమంది.

వేసవి మడికి చుట్టూ గట్టు ఉండాలి, లేకపోతే పోసిన నీళ్ళు నిలవవు. మంజుల చేత్తో మెత్తి గట్టు వేసింది. రెండు కడవలు పోయగానే కరిగి జారిపోయింది. మళ్ళీ వేసింది, మళ్ళీ జారింది. అరుగు మీది నుంచి చూస్తున్న చౌడమ్మకు ఓపిక చాలలేదు. చీర ఎగదోపి దిగింది.

"చేత్తో మెత్తితే యాడ నిలుస్తాది? వరిగడ్డి కలిపి మడమతో తొక్కాల."

తానే తొక్కడం మొదలుపెట్టింది. మోకాళ్ళు నొచ్చాయి. అయినా వేళ్ళ సందుల్లోంచి బురద ఉబికి వస్తుంటే ఒళ్ళు తేలికయింది. ఎన్నో ఏళ్ళకు తన కాళ్ళకు మళ్ళీ పని దొరికింది. తొక్కుతూ గోడకుప్ప వైపు చూసింది. ఎలుకలు బొక్కలు చేసి, పిచ్చిగడ్డి మొలిచి, ఎవరికీ కొరగాకుండా పడి ఉంది. కోడలు చెరువు నుంచి మన్ను మోస్తుంటే తాను ఆ కుప్పకు కాపలా కాయడం ఆమెకే సిగ్గనిపించింది.

తెల్లారి మంజుల లేచేసరికి పెరట్లో గడారి చప్పుడు. చౌడమ్మ గోడ పెళ్ళలు పగలగొడుతోంది. కోడలు అందుకోబోతే గడారి ఇవ్వలేదు.

"ఈ మన్ను తొక్కింది నేను. పగలగొట్టేదీ నేనే. నువ్వు గంపకెత్తి మడిలో పొయ్యి."

ఆ మన్నులో బూడిద, మేకపెంట కలిపి బెండ, మటిక్కాయ అనే గోరుచిక్కుడు, బీర విత్తనాలు వేశారు. తిప్పన్న మగ్గం దిగి వచ్చి బీరతీగకు పందిరి వేశాడు. ఎండలు మండే నెలలో బజారు కాయలు వాడి వేలాడుతుంటే, చౌడమ్మ పెరట్లో బెండకాయ పుటుక్కున విరిగేది. చూడవచ్చిన వాళ్ళందరినీ ఆమె మడి మడికీ తిప్పి చూపించేది. ఒకరోజు గంపనిండా కాయలు కోసి రొద్దం బయలుదేరింది. సేద్యగాళ్ళ ఇంటికి కూరగాయలు మోసుకుపోతావా అని తిప్పన్న నవ్వాడు. ఆమె పట్టించుకోలేదు. పెనుకొండలో బస్సు మారి, గంప ఒళ్ళోంచి దించకుండా పోయింది.

ఆ ఏడు మంజుల నాయన వెంకటప్ప బావి ఎండిపోయి ఉంది. వియ్యపురాలు దించిన గంపలోంచి ఒక బీరకాయ తీసి ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది మా మంజుల చెయ్యే," అన్నాడు.

"ఆ పిల్ల చెయ్యి, నా కాలు," అంది చౌడమ్మ తల నిటారుగా ఎత్తి. "అన్నా, వానలు పడేలోగా ఒక బండి దిబ్బ ఎరువు తోలియ్యి. వంగ పెడతాండాము."