గాడి లోతు

పొద్దున్నే కొట్టు తలుపు తీయడం, నేలంతా ఊడ్చడం, సానరాయి మీద నాలుగు చుక్కల నీళ్లు చల్లి ఉలికి పదును పెట్టుకోవడం చిత్రికమ్మకి ఇరవై ఏళ్ల అలవాటు. ఆమె చిత్రిక పడితే చెక్క అద్దంలా ఉంటుందని ఊరివాళ్లు పెట్టిన పేరది. ఆ రోజు సాన పడుతుంటే ఉలి పిడిలోంచి ఊడి ఒళ్లో పడింది. అరిగి అరిగి బొటనవేలంత మిగిలింది.

“ఇంకా దాని ప్రాణం తియ్యకు, కొత్తది కొనుక్కో” అన్నాడు బస్సు డ్యూటీకి బయల్దేరుతూ మొగుడు. “బడి మెట్లకి రెయిలింగు ఒప్పుకున్నావు. పిల్లలు పట్టుకుని ఎక్కేది.”

చివరి మాట ఆమెకి ముల్లులా దిగింది.

ఏడేళ్ల క్రితం తను, అన్నయ్య కలిసి ఒక మేడకి చెక్క రెయిలింగు చేశారు. గుంజల అడుగున సన్నగా చెక్కిన కుసులు, అవి దిగడానికి కింద చెక్కలో గాడులు. సగం అన్నయ్య కొట్టాడు, సగం తను. ఏడాది తిరక్కుండానే ఒక గుంజ ఊడొచ్చింది. దాన్ని పట్టుకుని దిగుతున్న టైలరు కిందపడ్డాడు. తుంటి విరిగి, ఎడమ కాలు మిషను తొక్కడానికి పనికిరాకుండా పోయింది. జనం పోగయ్యారు. అన్నయ్య ముందుకొచ్చి “ఆ గాడి నేనే కొట్టాను” అన్నాడు. చిత్రికమ్మ నోరు విప్పలేదు. ఆ తర్వాత అన్నయ్యని పనికి పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. పనిముట్లు అమ్మేసి గోదాములో వాచ్‌మన్‌గా చేరాడు. తప్పు అన్నయ్యదేనని ఆమె తనకి తాను ఎన్నిసార్లు చెప్పుకుందో లెక్కలేదు.

పనిముట్ల దుకాణం తుప్పు తాతది. ఒక అరలో కొత్త ఉలులు పెట్టెల్లో మెరుస్తుంటాయి. ఇంకో అరలో పాతవి. తుప్పు గీకి, సానపట్టి, కొత్త పిడులు వేసి పెడతాడు. పాత ఉలి తన మొదటి యజమాని చేతి తీరు మరిచిపోదని అందరికీ తెలిసిందే. అందుకే పాతది కొనేవాళ్లు పెళ్లి సంబంధం కుదుర్చుకున్నట్టు ఆరా తీస్తారు.

“ఇది తాగుబోతుది, వంకరగా పోతుంది” అన్నాడు తాత, ఒక్కొక్కటీ చూపిస్తూ. “ఇది మంచిదే కానీ నాలుగింటికి ఆగిపోతుంది. టీ తాగొస్తే మళ్లీ నడుస్తుంది. ఇదిగో, ఇది చూడు.”

వెడల్పాటి ఉలి. ఉక్కు మీద చిన్న చిన్న నల్లమచ్చలు.

“ఎవరిది తాతా?”

“అడక్కు. ఇదీ కొత్తదీ రెండూ పట్టుకుపో. వాడి చూసి, ఏది కావాలో అది ఉంచుకో.”

కొట్టుకి రాగానే ముందు కొత్తది తీసింది. వెన్న కోసినట్టు దిగింది. గాడి రెండంగుళాల లోతు ఉండాలి. ఒకటిన్నర దాకా వెళ్లేసరికి మణికట్టు సలిపింది. ఇక చాల్లే అనిపించి చెయ్యి తీసింది. కొత్త ఉలి బుద్ధిగా ఆగింది.

తర్వాత పాతది పట్టుకుని పక్కనే ఇంకో గాడి మొదలుపెట్టింది. సరిగ్గా అదే లోతులో మళ్లీ చాల్లే అనిపించింది. ఉలి ఆగలేదు. మణికట్టుని కిందికి లాగింది, కొయ్యసుత్తి ఎత్తిన కుడిచేతిని కూడా తన దారికి తెచ్చుకుంది. రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ. రెండు చిన్నవి, ఒక పెద్దది. ఆ చప్పుడు వింటూనే ఆమె పని నేర్చుకుంది. అది అన్నయ్య చెయ్యి.

రెండంగుళాలూ దిగాకే ఉలి ఊరుకుంది.

చిత్రికమ్మ పుల్ల పెట్టి రెండు గాడులూ కొలిచింది. తనది అరంగుళం తక్కువ. ఊడొచ్చిన గుంజని ఆమె టైలరు పడిన రోజే చూసింది. గాడి లోతు చాలక, కుసి కొస అరంగుళం కోసి కూర్చోబెట్టిన గుర్తు దాని మీద ఉంది. అలా కోసింది ఎవరో ఆమెకి ఏ రోజూ తెలియకపోలేదు.

మధ్యాహ్నం ఎండలో గోదాముకి వెళ్లింది. అన్నయ్య గేటు పక్క స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఉలి చూపించింది.

“అన్నయ్యా, ఆ గాడి నాది.”

“తెలుసు.”

“మరెందుకు నెత్తిన వేసుకున్నావు?”

“ఆ పూట నువ్వే చెప్తావనుకున్నా. మర్నాడు చెప్తావనుకున్నా. తర్వాత అనుకోవడం మానేశా.” ఆమె కళ్లలోకి చూశాడు. “ఆరేళ్లు పట్టిందా నీకు?”

ఆమెకి ఏడుపొచ్చింది. అన్నయ్య ఓదార్చలేదు.

“నా దగ్గర కాదు. వెళ్లి టైలరుకి చెప్పు.”

టైలరు ఇప్పుడు బొత్తాలు, అంచులు చేత్తో కుడుతున్నాడు. అంతా విని, దారం పళ్లతో తెంపాడు.

“నా కాలు నువ్వు తెచ్చివ్వలేవు. కానీ ఇన్నేళ్లూ మీ అన్నయ్య ఎదురొస్తే మొహం తిప్పుకున్నాను. ఆ పని నాచేత చేయించావు చూడు, అది మాత్రం మర్చిపోను.” చేతికర్ర అందుకున్నాడు. “పద. బడిలో చెప్పు. నేనూ వస్తా.”

స్టాఫ్‌రూములో టీచర్లందరి ముందూ చెప్పింది. హెడ్‌మాస్టరమ్మ కిటికీలోంచి మెట్ల వైపు చూసి, “రెయిలింగు మీ అన్నయ్య చేస్తాడేమో కనుక్కోండి” అంది.

“ఆరేళ్లు తాళాలు తిప్పిన చెయ్యి. నాకేం గుర్తుంది?” అన్నాడు అన్నయ్య. అయినా వచ్చాడు. చిత్రికమ్మ ఆ పాత ఉలిని అతని చేతికిచ్చింది. మొదటి దెబ్బకే ఉలి జారింది. రెండోదీ అంతే. మూడోదానికి ఉలి అతని మణికట్టుని నెమ్మదిగా సరిచేసి, భుజాన్ని దించి, తన దారిన నడిపించింది. సాయంత్రానికి ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో చెప్పలేనట్టు అయింది. కేరియరు తెచ్చిన వదిన మెట్ల మీదే నిలబడి కళ్లు తుడుచుకుంది. చిత్రికమ్మతో మాత్రం మాట్లాడలేదు.

ఆ నెల చిత్రికమ్మ కొట్టుకి ఒక్క పనే వచ్చింది, ఎవరిదో విరిగిన పీట. పాత ఉలి అన్నయ్యకే వదిలేసి, ఆమె కొత్తదాని లెక్క తేల్చడానికి తుప్పు తాత దగ్గరికి వెళ్లింది.

“నిక్కచ్చి మేస్త్రీది ఒకటి వచ్చింది. పొరపాటు చేద్దామన్నా చేయనివ్వదు, తీసుకో” అన్నాడు తాత.

“వద్దు తాతా. ఈ కొత్తదే ఉంచుకుంటా.”

“అది నువ్వెంత చెప్తే అంతే వింటుంది మరి.”

“విననీ.”

కొట్టుకొచ్చి పీట కాలికి గాడి మొదలుపెట్టింది. సగం పైగా దిగేసరికి మణికట్టు సలిపింది. చెయ్యి తీసింది. ఉలి ఆగింది. చెయ్యి విదిలించుకుని, మిగిలిన లోతు కొట్టింది.