మగ్గం బిళ్ల

ఎలీయేజరు పడవ బొమ్మ బిళ్లను ఫ్లానెలు గుడ్డలో పొదివి, బొటనవేలితో రెండు చుట్లు తిప్పి, వరండాలో ఎండ పడే చోట చాప మీద పెట్టాడు. పడవ తరువాత వంతెన, వంతెన తరువాత గడ్డం ముసలాయన. అతనికి ఇంగ్లీషు అక్షరం ఒక్కటి రాదు గాని నూట పన్నెండు బిళ్లల వరస కంఠతా వచ్చు. ఇరవై రెండేళ్లుగా ప్రతి శనివారం చేస్తున్న పని.

అనంతగిరి కాఫీతోట దొర పోగుచేసిన బిళ్లలవి. నూట ముప్పై ఏళ్ల కిందట ఇంగ్లండులో చిల్లర కరువైతే, అక్కడి వర్తకులు ఎవరికి వారు కొట్టించుకున్న రాగి బిళ్లలట. ఒక్కొక్కటే సీమ నుంచి టపాలో వచ్చి చేరాయి. "ఈ కొండల మంచు రాగిని తినేస్తుంది. తడి తగలనివ్వకు" అని మొదటి రోజే దొర చెప్పాడు. ఎలీయేజరు సరేనన్నాడు. ఆ ఇంట్లో వంటకూ తోటకూ దీపాలకూ అతనే. పిలిచిన పేరుకల్లా పలికేవాడు, చెప్పినదానికల్లా సరేననేవాడు. ఎందుకని అడిగే అలవాటే ఉంటే అతని బతుకు ఇంకోలా ఉండేదేమో!

పొట్టి మనిషి. యాభై ఆరేళ్లు. నీళ్ల బిందెలు మోసి మోసి ఎడమ భుజం కిందికి జారింది. ఏటేటా మన్యం జ్వరం వచ్చిపోతూ కళ్లల్లో పసుపు మిగిల్చింది. మిషనువాళ్లు ఇచ్చిన ఖాకీ కోటుకు బొత్తాలు లేవు, దబ్బనంతో కుట్టిన దారాలున్నాయి.

ఎనభయ్యో బిళ్ల చేతికొచ్చింది. అతని చెయ్యి ఆగింది.

ఆ బిళ్ల మీద ఒక మనిషి మగ్గం ముందు కూర్చుని వీపు వంచి నేస్తుంటాడు. ఎలీయేజరు తండ్రి నేతగాడు. యాభై ఏళ్ల కిందటి ధాత కరువులో పోయాడు. అప్పటికి ఇతనికి ఆరేళ్లు. మిషను అనాథశాల బండి ఎక్కించుకుపోయింది. తండ్రి మొహం ఎంత తలుచుకున్నా రాదు. గుంటమగ్గంలో కాళ్లు దించుకుని వంగిన ఆ నల్లటి వీపు మాత్రం వస్తుంది. బిళ్ల మీది మనిషి గుంటలో కాక బల్ల మీద కూర్చున్నాడు. దొరల దేశంలో నేల తడి కాబోలని ఎలీయేజరు ఎప్పుడో సర్దిచెప్పుకున్నాడు. వీపు మాత్రం అదే వీపు.

ఏడేళ్ల కిందట ఒక క్రిస్మసునాడు దొర ఆ బిళ్ల మీద అతని చూపు కనిపెట్టి, "నేను వెళ్లిపోయేనాడు ఇది నీదే" అన్నాడు. ఆనాటి నుంచి ఎలీయేజరు దేవుణ్ణి ఇంకేమీ అడగలేదు.

ఆ వెళ్లిపోయే రోజు ఇదే. మధ్యాహ్నం డోలీ వస్తుంది. మిగతా బిళ్లలన్నీ సీమలో దొర సొంత ఊరి మ్యూజియానికి పోతాయి. దొర ఆఖరిసారి తన దొరసాని సమాధి చూసుకోవడానికి కొండవాలుకు వెళ్లాడు.

గంజి తెచ్చిన భార్య దెబోరా చాప మీదికి చూసి బుగ్గలు నొక్కుకుంది.

"ఏటయ్యా, ఈటినిలాగే అంపేత్తావా? మసిబొగ్గుల్లాగున్నాయి. ఇరవయ్యేళ్లు ఏటి తోమినాడీ మడిసి అని ఆ ఊరోళ్లు నవ్వరా?"

"తడి పెట్టొద్దన్నారే బాబుగారు."

"మంచు రోజులకి సెప్పినారు. ఇలాటి ఎండలో బేగి ఆరిపోవా?"

ఎలీయేజరుకు సిగ్గేసింది. పండగ ముందు మిషను గుడిలో రాగిచెంబులు తోమేది అతనే. మెరుపు చూసి పాదిరిగారు మెచ్చుకునేవారు. ఇన్నాళ్లూ దొర మాటకు కట్టుబడి వీటిని మురికిగా ఉంచానే అనిపించింది. చింతపండు పిసికాడు, పొయ్యి బూడిద తెచ్చాడు. పడవను తోమాడు, వంతెనను తోమాడు, ముసలాయన గడ్డం వెంట్రుక వెంట్రుకా తోమాడు. ఒక్కొక్కటి ఎర్రగా తేలుతుంటే ఇరవై రెండేళ్లలో మొదటిసారి తానే సొంతంగా ఒక పని చేస్తున్నట్టు సంతోషపడ్డాడు.

మగ్గం బిళ్లను మాత్రం తోమలేదు. "అయ్య నలుపే. నలుపుగానే ఉండనీ" అన్నాడు.

అన్నీ తుడిచి ఆరబెట్టి, పచ్చ మఖమలు పళ్లెంలో గుంటకొకటి చొప్పున అమర్చేసరికి దొర వచ్చాడు. మెట్టు మీదే నిలబడిపోయాడు. అరుస్తాడేమోనని దెబోరా గుమ్మం వెనక్కి తప్పుకుంది. దొర అరవలేదు. కుర్చీలో కూలబడి ఒక బిళ్ల తీసి ఎండకు తిప్పి చూశాడు.

"ఆ నలుపే వీటి వయసు, ఎలీయేజరూ. ఇక వీటిని ఏ మ్యూజియమూ తీసుకోదు. తప్పు నాదే. తడి వద్దన్నాను గాని ఈ నలుపు సంగతి చెప్పలేదు."

తరువాత అతని చూపు ఎనభయ్యో గుంట మీద పడింది. మగ్గం బిళ్లను తీసి చాలాసేపు అరచేతిలో ఉంచుకున్నాడు.

"ఇదొక్కటీ మిగిలింది" అని లోపలి జేబులో వేసుకున్నాడు. "మిగతావన్నీ నువ్వే ఉంచుకో."

ఏడేళ్ల కిందటి మాట దొరకు గుర్తులేదు. ఎలీయేజరు నోరు తెరిచాడు. నూట పదకొండు పాడుచేసినవాడు ఆ ఒక్కటీ ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు! కిందికి వంగి దొర బూట్ల తాళ్లు కట్టాడు.

డోలీ వచ్చింది. ముందు బొంగు పట్టిన బోయీ సుక్రు, "ఎండ దిగకముందే కొండ కింద కోట ఊరు సేరాలి, బాబూ" అన్నాడు. దొర ఎలీయేజరు జారిన భుజం తట్టి ఎక్కి కూర్చున్నాడు. కాఫీచెట్ల మధ్య డోలీ తెల్లగుడ్డ కాసేపు కనిపించింది, మలుపులో కనిపించడం మానేసింది. రెండోసారి అయ్యను పోగొట్టుకున్న మనిషి మెట్ల మీద కూర్చున్నాడు. ఏడుపు రాలేదు. ఆరేళ్లప్పుడు బండి ఎక్కినప్పుడూ రాలేదు.

"మీ అయ్య బిళ్లేదీ?" దెబోరా మెల్లగా అడిగింది.

"ఎల్లిపోనాడు."

ఆమె చింతపండు పిప్పి ఎత్తి పారబోయడానికి పెరట్లోకి పోయింది. వరండాలో ఎండ వెనక్కి జరిగింది. పళ్లెంలో నూట పదకొండు బిళ్లలు కొత్తగా, ఎర్రగా మెరుస్తున్నాయి. వాటి మధ్య పచ్చ మఖమలులో ఒక గుంట ఖాళీగా ఉంది, అడుగున ఇరవై రెండేళ్ల నలుపు గుండ్రంగా అంటుకుని.