గోడెక్కిన పెద్దాయన

మేస్త్రీ భార్య కూరగాయల సంచితో తాళం తీసి లోపలికొచ్చేసరికి ముందుగది గోడమీంచి ఎవరో పెద్దాయన గుడ్లురిమి చూస్తున్నాడు. తెల్ల మీసాలు, నల్ల కోటు, బరువైన చెక్క చట్రం. కింద నేలంతా రాలిన సిమెంటు పొడి.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. అద్దెకు దిగిన కొత్తలో అది గోడా, పిండని గుడ్డా అన్నట్టుండేది. వీపు ఆనిస్తే రవిక తడిసేది. మొగుడు తాపీ మేస్త్రీ. వారమంతా ఊళ్లోవాళ్ల గోడలు కట్టి, మూడు ఆదివారాలు ఈ గోడ పెచ్చులు గీకి, ఆరబెట్టి, కొత్తగా పూత పూశాడు. గరుకు కాగితంతో అరచేతులు మండేదాకా రుద్ది నున్నచేసింది ఆమె. ఆ తరవాతే పిల్లదాని దగ్గు తగ్గింది. అంత చేసినా, మేకు కొట్టొద్దన్న ఇంటావిడ మాట జవదాటలేదు. గోడ గడియారం బల్లమీద పడుకుని టైము చెబుతోంది. పెళ్లిఫోటో దుప్పట్ల మడతల్లో ఉంది.

పెద్దాయన్ని దించి, రెండు చేతులా పట్టుకుని మెట్లెక్కింది. పైవాటాలో ఇంటావిడ బట్టలు మడతపెడుతోంది.

"పిన్నిగారూ, మా ఇంట్లో ఈయనెవరండీ?"

"మా మామగారు, అమ్మాయ్. పైన గోడలన్నీ చెమ్మ, ఫోటో బూజు పట్టిపోతోంది. మీ గోడ పొడిగా ఉంది కదాని కిందికి తెచ్చాం. ఆయనకీ కాలక్షేపం."

"నేను తాళం వేసి వెళ్లాను కదండీ."

"నా దగ్గర ఇంకో తాళంచెవి ఉందిగా. సొంత కూతురి ఇంట్లోకి వెళ్లడానికి అర్జీ పెట్టుకోవాలా ఏమిటి?"

"కూతురికైతే మేకు కొట్టొద్దని చెప్పేవారా?"

ఇంటావిడ చేతిలో తువ్వాలు ఆగింది. "గోడ మాదే కదమ్మా."

"మీదే. కారుతున్నన్నాళ్లు మాత్రం మాది. ఆరాక మీకు గుర్తొచ్చింది."

"ఎంతెంత మాటలొచ్చాయి. సరే, మామగారిని ఇటివ్వు."

"ఇస్తాను. ఆ రెండో తాళంచెవి ఇటివ్వండి."

"ఇష్టం లేకపోతే ఖాళీ చేసుకోండి."

మళ్లీ ఏ ఇంట్లో ఏ గోడ కారుతుందో, పిల్లదాని దగ్గు ఎక్కడ తిరగబెడుతుందో. చట్రం అంచు ఆమె మోచేతిలోకి దిగుతోంది. అయినా దించలేదు.

"చెయ్యమంటే చేస్తాం పిన్నిగారూ. ఉన్నన్నాళ్లు మాత్రం అది మా ఇల్లు. మీరు తలుపు కొట్టండి, కుర్చీ వేసి కూర్చోబెడతాను. మేం లేనప్పుడు మాత్రం రావద్దు."

పక్కవాటావాళ్లు మెట్లమీదికొచ్చి తొంగిచూశారు. ఇంటావిడ వాళ్లను చూసింది, పెద్దాయన్ని చూసింది, ఇంట్లోకెళ్లి చాలాసేపు సొరుగులు లాగిన చప్పుడు చేసింది. చివరికి తాళంచెవి తెచ్చి గడపమీద పెట్టింది.

ఆమె ఫోటోను జాగ్రత్తగా గోడకు ఆనించి, వంగి తాళంచెవి తీసుకుంది.

"అమ్మాయ్," ఇంటావిడ గొంతు తగ్గింది, "మీ ఆయనకి వీలైతే ఈ పైగోడలు కూడా..."

"ఆయన్నే అడగండి. సాయంత్రం ఇంట్లోనే ఉంటారు."

కిందికొచ్చి తలుపేసి, లోపల గొళ్లెం పెట్టింది. వంటకు ఆలస్యమవుతున్నా కాసేపు ఊరికే కూర్చుంది.