బ్రేకు పిన్ను

రెడ్డెమ్మ సంచి సర్దుకుంటోంది. నాలుగు రాగిరొట్టెలు, పొట్లం కట్టిన ఎర్రకారం, ఒక మారు చీర. నా కోడలికి నేను పక్కన నిలబడితే గిట్టదు. అయినా నిలబడ్డాను.

పుంగనూరు నుంచి ముప్పై సూడిగొర్రెలు తేవాలి. ట్రాక్టరు తోలేది నా కొడుకు మునెప్ప. దిగుడులో గొర్రెలన్నీ ముందుకు ఒరగకుండా ట్రైలరులో నిలబడి వెనక్కి తోసేది రెడ్డెమ్మ.

ఆ ట్రైలరును మదనపల్లెలో వెల్డింగు చేసే నూరుల్లా కట్టాడు. కుప్పం నుంచి తెచ్చిన పాత ఇరుసు చాలని మునెప్ప పట్టుబట్టాడు. అది సన్నదని, బ్రేకు బిగించడానికి దానికి చోటే లేదని నూరుల్లా పక్కన పడేశాడు. దిగుడులో నిండు ట్రైలరు బరువును ట్రాక్టరు ఒక్కటే ఆపజాలదని నేను వ్యవసాయ పుస్తకంలో కూడబలుక్కుని చదివాను. ఆ పేజీ చూపించి లావు ఇరుసు వేయించాను, రెండు చక్రాలకూ బ్రేకులు పెట్టించాను. అప్పటినుంచి మునెప్ప నాతో సరిగా మాట్లాడలేదు.

ఆ ఉదయం ట్రైలరు కిందికి వంగి చూశాను. పట్టి ఉంచే పిన్ను లేక బ్రేకు కడ్డీ ఊడి వేలాడుతోంది.

"పిన్ను యాడరా?"

"పీకేసినా. బ్రేకు పడితే గొర్రెలు ఒగదాని మింద ఒగటి పడతాయి. కడుపులు పోతాయి."

గొర్రెలు మేపే మా అందరి భయమూ అదే. సూడి జీవాన్ని కుదపకూడదు.

"గొర్రెల కడుపులు సూస్తాండావు. వాటి ముందర నిలబడేది నీ పెండ్లామురా."

"మా నాయన పోయినప్పట్నుంచి ఎవురు గడప దాటినా నీకిదే ఏడుపు," అని జేబులోంచి పిన్ను తీసి నా కాళ్ళ దగ్గర విసిరాడు. "దాసిపెట్టుకో."

దాన్ని ఏరి, రెడ్డెమ్మ అటు తిరిగినప్పుడు సంచిలో రొట్టెల కింద దోపాను. దారిలో చూస్తే ఆమె అయినా మొగుణ్ణి ఒప్పిస్తుందనుకున్నాను. సంచి ఎత్తగానే ఆమెకు తెలిసిపోయింది. పిన్ను తీసి గడప మీద పెట్టింది.

"నేను పడితే లేస్తాలే అత్తా. నువ్వు పోయి పుస్తకం సదువుకో."

తిరుగుదారిలో, పుంగనూరు దాటిన తర్వాత దిగుడులో, నిండు ట్రైలరు ట్రాక్టరును నెట్టుకుంటూ పోయి అడ్డం తిరిగి బోల్తా పడింది. మునెప్ప చెయ్యి విరిగి ఇల్లు చేరాడు. పందొమ్మిది గొర్రెలు బతికాయి. వాటిలో ఒక్కదాని కడుపు కూడా పోలేదు.

రెడ్డెమ్మ రాలేదు. అది 2023 నవంబరు పద్నాలుగు, మంగళవారం.