ఆఖరి బెంచీ దాకా

ఈ మైకు ముందుకొచ్చిన ప్రతి మనిషీ దాని నెత్తిన రెండు మొట్టికాయలు ఎందుకు వేస్తాడో, అదేమన్నా అల్లరి పిల్లాడా, పండిందో లేదో తట్టి చూసుకునే పుచ్చకాయా, టకటకా కొట్టి హలో హలో అంటాడు, ఆ దెబ్బ నా చెవులకున్న హెడ్‌ఫోన్లో పిడుగై పడుతుందని ఎవరికీ తెలియదు, తెలిసినా ఆగరు, ఇప్పుడు కొట్టినాయన రిటైరైన డ్రాయింగు మాస్టారు, పార్కు గోడల మీద బొమ్మలు వేయించాలంటున్నాడు, వేయించండి, ఎవరొద్దన్నారు, గొంతు మరీ పీలగా ఉంది, మీట కొంచెం పైకి తోశాను, మిక్సరు మీద ముల్లు లేచింది, సభలకీ మీటింగులకీ మైకుసెట్లు అద్దెకిచ్చి బతికేవాణ్ణి నేను, ఈ కౌన్సిల్ హాల్లో ఎవరు మాట్లాడినా ఈ మూల బల్ల దగ్గర కూర్చుని వాళ్ళ గొంతులు మోస్తాను, మాస్టారి వెనక వరుసలో ఇంకా కొందరు నిలబడి ఉన్నారు, అందరికన్నా చివర, మందుల షాపు యూనిఫారం కోటు కూడా విప్పకుండా, మా అమ్మాయి.

కల్చరల్ ప్లాను అట, ఊరి సంస్కృతి ఎక్కడెక్కడుందో కనిపెట్టే పని కౌన్సిల్ నెత్తికెత్తుకుంది, సోఫా కింద పడిపోయిన తాళంచెవిని వెతికినట్టు వెతుకుతున్నారు, మొదట ఇంటింటికీ మనుషుల్ని పంపారు, మీరు తీరిక వేళల్లో ఏం చేస్తారండీ అని మా ఇంటికొచ్చినామె అడిగితే నిద్రపోతాను అని తలుపేశాను, తర్వాత ఇదే హాల్లో ఊరి పటం గోడకి తగిలించి, వచ్చినవాళ్ళ చేతుల్లో ఆకుపచ్చ బిళ్ళలు పెట్టి మీకిష్టమైన చోట అంటించండి అన్నారు, ఎక్కడ బిళ్ళలు ఎక్కువుంటే జనం అక్కడే అంటించారు, పెద్ద లైబ్రరీకి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి, ఇవాళ ఆఖరి విడత, ఎవరైనా వచ్చి మైకులో చెప్పుకోవచ్చు, చెప్పిన చోటు ముసాయిదాలో చేరుతుంది, ముసాయిదాలో చేరింది పటంలోకి ఎక్కుతుంది, పటంలోకి ఎక్కని కౌన్సిల్ షెడ్లూ ఖాళీ జాగాలూ పార్కింగుకి పోతాయి, ఇదంతా ప్లాను మేడమ్ మొదట్లోనే చెప్పింది, ఈ పని కోసమే కౌన్సిల్ పెట్టుకున్న మనిషి, మర్యాదస్తురాలు, మైకుకి మూరెడు దూరంగా నిలబడి మాట్లాడి నా ప్రాణం తీస్తుంది, ఆవిడ పక్కనున్న గుమాస్తా లేచి ఇంకో ముక్క కలిపాడు, నోటితో అన్నది లెక్క కాదు, రికార్డులో ఉన్నదే లెక్క, ఆ రికార్డు పెట్టెకి తీగ నా మిక్సరు నుంచే పోతుంది, అంటే నా మీట కింది నుంచి దూరి వెళ్ళిందే ఈ ఊరి సంస్కృతి, బడి మధ్యలో మానేసినవాడి బొటనవేలి కింది నుంచి, నవ్వొచ్చింది, నవ్వలేదు.

పొద్దున వంటింట్లో మాటామాటా పెరిగింది, కాటా షెడ్డు సంగతి ఇవాళ చెప్పేస్తాను నాన్నా అంది అమ్మాయి, చెప్పావంటే ఊరుకోను అన్నాను, చెప్పకపోతే పడగొడతారు, గోడకి ఎర్ర రంగుతో గుర్తు పెట్టి పోయారు చూడలేదా అంది, కాలువ కోసం పెట్టుంటారులే అన్నాను, ఆ పక్కన కాలువే లేదని నాకూ తెలుసు దానికీ తెలుసు, మా ఆవిడ మధ్యలో దూరి మీ తండ్రీకూతుళ్ళ నాటకంలో నా పాలు పొంగి పొయ్యి పాలయ్యాయి అంది, కాటా షెడ్డంటే ఒకప్పుడు లారీలు తూచిన షెడ్డు, నేలంతా ఒకటే ఇనప పలక, తూకం పని వేరే చోటికి మారాక కౌన్సిల్ దాన్ని మర్చిపోయింది, మేం మర్చిపోలేదు, నేనూ, మా బావమరిది వెల్డరూ, టైలరూ, కండక్టరూ పని దిగి అక్కడ చేరతాం, నాటకం వేస్తాం, వేస్తాం అంటే రిహార్సలు చేస్తాం, ఎన్నేళ్ళుగానో ఒకటే నాటకం, పడవవాడి కథ, ఒక్కసారీ తెర లేవలేదు, మన హీరోకి రిహార్సల్లోనే జుట్టు నెరిసింది బావా అంటాడు వెల్డరు, నలుగురం పలక మీదికి ఎక్కితే పక్కనున్న అద్దం గదిలో తూకం ముల్లు ఇప్పటికీ కదులుతుంది, చిన్నప్పుడు మా అమ్మాయి ఆ గదిలో కూర్చుని, నాన్నా, మీరందరూ కలిపి నిన్నటికన్నా తేలిగ్గా ఉన్నారు, మామయ్య అన్నం తినలేదా అని అరిచేది.

చెప్తే ఏమవుతుందో దానికేం తెలుసు, డిపో వెనక మెట్ల మీద ముసలాళ్ళు క్యారమ్స్ ఆడుకునేవాళ్ళు, ఎవరో పుణ్యాత్ముడు పోయిన ప్లానులో ఆ సంగతి చెప్పాడు, మెట్లకి రంగులేశారు, కమ్మీలు పాతారు, వేళలు రాసిన బోర్డు పెట్టారు, ఆడదలచినవాళ్ళు పేరు నమోదు చేసుకోవాలన్నారు, ఇప్పుడక్కడ రంగురంగుల మెట్లున్నాయి, ముసలాళ్ళు లేరు, రేపు కాటా షెడ్డుకీ అదే గతి, ఒక కమిటీ, దానికో కార్యదర్శి, ఎవరు పనికొస్తారో ఎవరు రారో తేల్చడానికి ఒక ఎంపిక, కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి కాయితం అందించి ఇక్కణ్ణుంచి చదవండి అంటాడు.

చదవండి, ఆ మాట వింటే ఇప్పటికీ నా కళ్ళు తలుపెక్కడుందో వెతుక్కుంటాయి, నాన్న నడుం పడిపోయి మంచమెక్కితే నేను పుస్తకాలు పక్కన పెట్టి బస్తాలెత్తాను, అక్షరాలు రావని కాదు, ఒక్కొక్కటిగా వస్తాయి, కూడబలుక్కుంటే ఓ మాటవుతుంది, ఆ మాట పూర్తయ్యేలోగా వెనకటి మాట జారిపోతుంది, కుర్రతనంలో నాటక కంపెనీవాళ్ళు పడవవాడి వేషానికి మనిషి కావాలంటే వెళ్ళాను, గొంతు విని భేష్ అన్నారు, కాయితం చేతికిచ్చారు, ఒ, డ్డు, న అనేసరికి వెనకెవరో కిసుక్కుమన్నారు, కళ్ళజోడు మర్చిపోయి వచ్చానండీ అన్నాను, అప్పటికి నాకు మీసాలు కూడా సరిగా మొలవలేదు, అంతే, అప్పట్నుంచీ అదే మాట, బ్యాంకులో అదే, ఆసుపత్రిలో అదే, ఇందాక ఈ గుమాస్తా సంతకానికి కాయితం తోసినప్పుడూ అదే, కళ్ళజోడు మర్చిపోయానండీ, మీరే చదివి చెప్పండి, నా జన్మలో నాకు కళ్ళజోడు లేదు, ఆఖరి బెంచీలో గోడకానుకుని కూర్చున్న వెల్డరు చొక్కాకి గుండీ ఊడిపోయిన సంగతి ఇక్కణ్ణుంచే కనపడుతోంది, షెడ్డులో వాళ్ళకీ కళ్ళజోడు కథే చెప్పాను, ఆ నాటకం పుస్తకం పాత పుస్తకాల కొట్లో దొరికితే కొని తెచ్చి అమ్మాయి ముందు పడేశాను, చదువమ్మా, నాన్న కళ్ళు అలిసిపోయాయి అని, అది చదివింది, అన్ని వేషాల మాటలూ, రాత్రికి కొన్ని చొప్పున, నేను చెవితో పట్టుకున్నాను, నిజం దానికి తెలుసో తెలియదో నేనెప్పుడూ అడగలేదు, అడిగితే తెలిసిపోతుందిగా, అందుకు బదులుగా దానికి నేను గొంతు నేర్పాను, షెడ్డు ఆ చివర నిలబెట్టి, పడవవాడిలా ఒడ్డున ఎవరైనా ఉన్నారా అని పిలువు, అరవకు, అరుపు సగం దూరంలో చచ్చిపోతుంది, పొట్టలోంచి పిలువు, ఆఖరి బెంచీలో ఉన్నవాడికి చెప్పు, మొదటి బెంచీవాడు ఎలాగూ వింటాడు.

మాస్టారు దిగాడు, ఎవరో పెద్దావిడ ఎక్కి పాటల బడి గురించి చెప్పింది, మైకు కుయ్యిమంది, అందరూ నావైపు చూశారు, నా చేయి సరిచేసింది, చేతికి అలవాటు, మెదడు మాత్రం తలుపు దగ్గరే తచ్చాడుతోంది, పద, లేచి పో, మీట వదిలేసి బయటికి పో, పోతే ఎవరు చూస్తారు సెట్టు, ఇంకొకరు ఎక్కారు, దిగారు, అమ్మాయి దగ్గరికొచ్చేస్తోంది, నావైపు చూడటం లేదు, పట్టుదలలో అచ్చం వాళ్ళమ్మ, కాదు, అచ్చం నేనే, అది ఆ షెడ్డు పేరు చెప్పి ఊరుకోదు, నాకు తెలుసు, కథ మొదలుపెడితే మొదట్నుంచీ చెప్తుంది, అద్దం గదీ, ముల్లూ, పుస్తకమూ, ఎవరు చదివేవాళ్ళు, ఎందుకు చదివేవాళ్ళు, ఇంత జనంలో, గుమాస్తా ముందు, వెల్డరు ముందు, బతికినన్నాళ్ళూ ఆ పెట్టెలో నిలిచిపోయేలా, ఇక మిగిలింది ఒక్కరే అనుకుంటా, రండమ్మా అంది ప్లాను మేడమ్.

అది మైకుని కొట్టలేదు, ఈ పూట కొట్టనిది అదొక్కతే, ఎంత దూరంలో నిలబడాలో అంత దూరంలో నిలబడి, నేను మందుల షాపులో పనిచేస్తాను, నేను చెప్పబోయే చోటు మీ పటంలో లేదు, అక్కడ ఒక నాటకం ఉంది, నేను దాంతోపాటే పెరిగాను, ముల్లు హాయిగా ఊగుతోంది, ఎంత చక్కటి గొంతు, మీట ముట్టుకోనక్కర్లేని గొంతు, మా నాన్నకి చదవడం, అంది, బొటనవేలు కిందికి దిగిపోయింది, నేను దించానో అదే దిగిందో, వేడి పెనం తగిలిన చేయి వెనక్కొచ్చినట్టు, హాలంతటికీ ఒక్కసారి చెవుడొచ్చినట్టయింది, మైకు పోయింది అన్నారెవరో, గుమాస్తా నావైపు తల తిప్పాడు, నేను ఏదో తీగ పట్టుకుని వంగాను, వంగి కూడా చూస్తూనే ఉన్నాను, అమ్మాయి నావైపు తిరిగింది, ఈ తీగల మధ్య పెరిగిన పిల్ల, మైకు చావడానికీ చంపడానికీ తేడా దానికి తెలియదా, కోపం ఉంటుందనుకున్నాను ఆ ముఖంలో, లేదు, మైకు స్టాండు చెవి పట్టి పక్కకి జరిపింది, ఒక అడుగు ముందుకొచ్చింది, ఊపిరి పొట్టలోకి తీసుకుంది, ఎలా తీసుకోవాలో అలా.

మా నాన్నకి చదవడం కుదిరేది కాదండీ, కళ్ళజోడు ఎప్పుడూ మర్చిపోయి వచ్చేవాడు, అందుకని నాటకమంతా నేనే చదివి వినిపించాను, అంది, అరవలేదు, ఆఖరి బెంచీలో వెల్డరు ముందుకు వంగనక్కర్లేకుండానే విన్నాడు, పాత కాటా షెడ్డండీ, మీరు ఎర్ర రంగు పూసి వెళ్ళింది, ఆ ఇనప పలక మీద మనుషులెక్కితే ముల్లు కదులుతుంది, రేపు కార్లు పెట్టినా కదులుతుంది, కాదనను, కానీ నన్ను పెంచింది కార్లు కాదు, దానికి రంగులు వద్దు, బోర్డు వద్దు, కమిటీ అసలే వద్దు, దాన్ని వాడుకునేవాళ్ళ దగ్గరే తాళంచెవి ఉంచి పడగొట్టకుండా వదిలేయండి, వదిలేయడం కూడా ప్లానే కదా మేడమ్, హాలు నవ్వింది, మేడమ్ కూడా నవ్వింది, నేనింకా కళ్ళజోడు దగ్గరే ఆగిపోయాను, నా మాట, నా అబద్ధం, నా నోట కూడా ఎప్పుడూ అంత ధైర్యంగా పలకలేదు, అది ఇంత జనంలో కొత్త దుప్పటి తెచ్చి కప్పినట్టు నా మీద కప్పింది, కళ్ళు అలిసిపోయాయని కదా ఇంట్లో చెప్పాను, కళ్ళజోడు సంగతి బయటివాళ్ళకి కదా, అంటే బ్యాంకులో నా పక్కన నిలబడి విన్నది, ఆసుపత్రిలో విన్నది, అంత చిన్నప్పుడే విని దాచింది, చదువుతూ చదువుతూ ఎక్కడైనా నేను తడబడితే మళ్ళీ అదే వాక్యం చదివేది, తనే తప్పు చదివినట్టు, ఉండు నాన్నా నేను సరిగా చదవలేదు అని, నేనది నిజమనుకున్నాను, పిచ్చివాణ్ణి.

చప్పట్లు కొడుతున్నారు, అది వెళ్ళి వెల్డరు పక్కన కూర్చుంది, వాడు దాని నెత్తిన చిన్నగా మొట్టాడు, చాలా బాగుంది, ఇది తప్పకుండా చేరుస్తాం అంటోంది మేడమ్, రికార్డు విని రాసుకుంటానండీ అంటున్నాడు గుమాస్తా, హాలంతా విన్నది, అందరికీ చెవినిండా వినపడింది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు, మిక్సరు మీద ముల్లు మాత్రం పడుకునే ఉంది, ఆ సంగతి ఈ హాల్లో నాకొక్కడికే తెలుసు, పెట్టెలో ఏముంటుంది, మా నాన్నకి చదవడం, అక్కడితో సరి, షెడ్డు పేరే లేదు, గుమాస్తా చేయి పెట్టె వైపు పోతోంది, బొత్తాం నొక్కి ఆపేస్తాడు, ఊరుకుంటే చాలు, నేనేమీ చేయనక్కర్లేదు, తప్పు తీగది అంటాను, రేపెప్పుడో లారీ వస్తుంది, పలక పెకలిస్తుంది, చూశారా, నేను ముందే చెప్పాను ఈ ప్లాన్లని నమ్మొద్దని అంటాను, కళ్ళజోడు పెట్టుకోని ముఖంతో అందరి ముందూ అంటాను, అది అప్పుడు కూడా ఏమీ అనదు.

లేచాను, కుర్చీ కీచుమంది, ఆగండి అన్నాను, చేతికందే దూరంలో మైకులున్నా ఒక్కదాన్నీ అందుకోలేదు, గొంతు పొట్టలోంచే వచ్చింది, ఒడ్డున ఉన్నవాళ్ళని పిలిచినట్టు, హాలు మొత్తం ఇటు తిరిగింది, ఎవరూ ఎప్పుడూ చూడని మూల వైపు, అమ్మాయి చెప్పింది రికార్డు కాలేదండీ, మైకు పోలేదు, మీట నేనే దించాను, అన్నాను, గుమాస్తా నోరు తెరిచాడు, మేడమ్ చేత్తో వాణ్ణి ఆపింది, వెల్డరు ఏంటి బావా అన్నట్టు చూస్తున్నాడు, నేను ఎవరినీ చూడలేదు, అమ్మా, వచ్చి మళ్ళీ చెప్పు, మొదట్నుంచీ చెప్పు, ఆ కళ్ళజోడు మాట వదిలేసి ఉన్నది ఉన్నట్టు చెప్పు, అన్నాను, అది లేచి వస్తోంది, బెంచీల మధ్య నుంచి, నెమ్మదిగా, కళ్ళు తుడుచుకోకుండా, నేను మీట పైకి తోసి బొటనవేలు తీసేశాను, తీస్తుంటే తెలిసింది, ఇన్నేళ్ళూ షెడ్డు షెడ్డని నేను కాపలా కాసింది ఆ లేని కళ్ళజోడుకే.